మాస్టారు రెండుసార్లు పడ్డారు: ఒక కేర్ హోమ్ కేస్ స్టడీ

హైదరాబాద్ శివార్లలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో నర్సింగ్ ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. రెండు అంతస్తులు, 36 మంచాలు. పగలు ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉంటారు, రాత్రి ఒక్కరే. అంతస్తుకొక ఆయమ్మ. ఫిజీషియన్ వారానికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్తారు. మిగతా రోజుల్లో ఫోనే.

ఈ కేసు మాస్టారిది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. మార్చకుండా ఉంచింది ఒకటుంది: ఆయన రెండోసారి పడడానికి సగం కారణం నేనే.

చేరిన రోజు

వయసు 78. కోనసీమ వైపు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్ళు. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. బీపీ ఉంది, ఆరేళ్ళ క్రితం గుండెకు స్టెంట్ వేశారు, ప్రోస్టేట్ కొంచెం పెరిగింది. గుండె పంపింగ్ బాగానే ఉందని ఆ మధ్య తీసిన ఎకో రిపోర్టు ఫైల్లో ఉంది. మతి చక్కగా ఉంది. మొదటి రోజే మా ఆయమ్మ మందుల లెక్క తప్పు చెప్తే సరిదిద్దారు.

చేరిన ప్రతివారికీ మేము మోర్స్ స్కేలు వేస్తాం. ఎవరికి పడిపోయే ప్రమాదం ఎంతుందో అంచనా వేయడానికి 1980లలో కెనడాలో జానిస్ మోర్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు తయారుచేసిన స్కోరు అది. ఇంతకుముందు పడ్డారా అంటే 25, ఒకటికి మించి జబ్బులుంటే 15, చేతికర్ర పట్టుకుంటే 15, అదే కుర్చీలూ బల్లలూ పట్టుకుని నడిస్తే 30, ఇలా కూడుకుంటూ పోతాం. 45 దాటితే ఎక్కువ ప్రమాదం అని చాలాచోట్ల లెక్క. మాస్టారికి 40 వచ్చింది. జబ్బులకు 15, కర్రకు 15, నడకలో బలహీనతకు 10. "ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా మాస్టారూ?" అంటే "లేదమ్మా" అన్నారు. పక్కనే కొడుకు ఉన్నాడు. సున్నా వేశాను.

ఆ సున్నా అబద్ధమని నెలన్నర తర్వాత తెలిసింది. ఇక్కడికి రావడానికి మూడు నెలల ముందు ఇంట్లో పెరటి మెట్టు దగ్గర పడ్డారట. కొడుక్కి తెలిస్తే ఉద్యోగం మానేసి వస్తాడేమోనని ఎవరికీ చెప్పలేదు. పైగా గదిలో ఎవరూ లేనప్పుడు కర్ర వాడరు, మంచం కోడూ, కుర్చీ వీపూ, గోడా పట్టుకుని నడుస్తారు. నిజం తెలిసి ఉంటే 40 కాదు, 80 వచ్చేది. అందుకే ఇప్పుడు ఆ ప్రశ్న పిల్లల ముందు అడగను. బట్టలు సర్దేటప్పుడో, గోళ్ళు కత్తిరించేటప్పుడో మాటల్లో అడుగుతాను. మోకాళ్ళ మీద, మోచేతుల మీద పాత మచ్చలుంటే వాటి కథ అడుగుతాను.

మొదటిసారి

వచ్చిన తొమ్మిదో రోజు, తెల్లవారుజామున 3.50. బాత్రూం గడప దగ్గర కూలబడి ఉండగా ఆయమ్మ చూసింది. గాయం లేదు. నైట్ సిస్టర్ రిపోర్టులో ఒక్క వాక్యం రాసింది: "పేషెంట్ బాత్రూంలో స్లిప్ అయ్యారు, గాయాలు లేవు, డాక్టరుకు తెలియజేశాం."

ఆ వాక్యం నాకు బాగా తెలుసు. ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో నేనూ అదే రాసేదాన్ని. స్లిప్ అయ్యారంటే ఇక అడగడానికేమీ ఉండదు. గచ్చు తడి, కాలు జారింది, అయిపోయింది. ఆ వేళకు అసలు గచ్చు తడిగా ఉందా? మా దగ్గర ఫినాయిల్‌తో తుడిచేది ఐదున్నరకు. 3.50కి పొడిగానే ఉంది. ఆ సంగతి నేను అడగలేదు.

మరి నేను చేసిందేమిటి? స్కోరు మళ్ళీ లెక్కేసి 65 చేశాను. పడే ప్రమాదం ఉందని తెలిపే పసుపు రంగు కార్డు మంచానికి తగిలించాను. రాత్రి తొమ్మిది దాటాక రెండువైపులా మంచం రెయిలింగులు ఎత్తి ఉంచమని ఆర్డరు రాశాను. కింద సంతకం నాదే.

రెండోసారి

పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ పడ్డారు. ఈసారి 3.40. రెండువైపులా రెయిలింగులు ఎత్తి ఉన్నాయి. మాస్టారు కాళ్ళవైపు ఉన్న ఖాళీలోంచి దిగబోయారు. లుంగీ కొస రెయిలింగు చివర చిక్కుకుంది. మామూలుగా మంచం మీంచి జారితే నడుము ఎత్తు నుంచి పడతారు. ఈయన దాదాపు నిలబడిన ఎత్తు నుంచి, మొహం ముందుకు పెట్టి పడ్డారు.

ఎడమ కనుబొమ్మ చిట్లింది. నాలుగు కుట్లు. స్టెంట్ వల్ల రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నారు కాబట్టి తలలో రక్తస్రావం భయం ఎక్కువ. వెంటనే సీటీ తీయించాం. అదృష్టం, ఏమీ లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చాక కూడా మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి స్పృహ, కనుపాపలు, కాళ్ళూ చేతుల బలం చూస్తూ రాసుకున్నాం. సీటీ బాగుంది కదా అని దీన్ని వదిలేయకూడదు.

ఆ రాత్రి ఒక్క పని మాత్రం సరిగ్గా జరిగింది. ఆయమ్మ ఆయన్ని లేపలేదు. పెద్దవాళ్ళు పడగానే చంకల్లో చేతులేసి ఒక్క ఊపున లేపి కూర్చోబెట్టడం మనకు అలవాటు. తుంటి విరిగి ఉంటే అక్కడే ఇంకా పాడవుతుంది. పడ్డవాళ్ళను పడ్డచోటే కదపకుండా ఉంచి నర్సును పిలవాలి. మెడ నొప్పి ఉందా, ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం పక్కకు తిరిగి ఉందా, షుగరెంత, బీపీ ఎంత, ఇవన్నీ నేలమీదే చూడాలి. ఆయమ్మకు ఇది నేర్పింది మా పాత ఇన్‌ఛార్జి. నేను కాదు.

ఉదయం కొడుకు వీడియో కాల్ చేశాడు. కుట్లు చూసి ఏడ్చాడు. "రాత్రిపూట చేతులు మెత్తగా కట్టేయొచ్చు కదా సిస్టర్, ఇక్కడ హాస్పిటల్లో చూశాను" అన్నాడు. అతని మీద కోపం రాలేదు. నేనూ రెయిలింగులతో చేసింది అదేగా. మతి ఉన్న మనిషిని మంచంలో బంధిస్తే మూత్రం ఆగదు, దిగే దారి మాత్రం ప్రమాదకరమవుతుంది. మంచం మీద పరిచే సెన్సర్ అలారం పంపిస్తానన్నాడు. అమెరికాలో ఒక ఆసుపత్రిలో వాటిని పరీక్షించి 2012లో ప్రచురించారు. అలారాల వాడకం పెరిగింది గానీ పడేవాళ్ళ సంఖ్య చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మా సంగతే తీసుకోండి, మనిషి లేచాక అలారం మోగుతుంది, ఆ సమయానికి సిస్టర్ పై అంతస్తులో ఉంటుంది. వద్దన్నాను.

బెల్లు ఎందుకు నొక్కలేదు

రెండుసార్లూ బెల్లు పనిచేస్తోంది. తలాపున గోడకు ఉన్న స్విచ్చు చేతికందదన్నది నిజమే, కానీ అది సాకు మాత్రమే. మూడో రోజు కుట్ల దగ్గర డ్రెస్సింగ్ మారుస్తూ అడిగాను.

"బెల్లు కొడితే ఆయమ్మ వచ్చేది కదా మాస్టారూ?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా కూతురికంటే చిన్నదమ్మా ఆ పిల్ల. అర్ధరాత్రి లేపి ఒంటికి తీసుకెళ్ళమనడానికి నోరెలా వస్తుంది?" అన్నారు.

మోర్స్ స్కేల్లో మొహమాటానికి మార్కుల్లేవు. మా దగ్గర మగ కేర్ టేకర్లు ఇద్దరున్నారు, ఇద్దరికీ పగటి డ్యూటీయే. స్నానాలు చేయించడం, వీల్ చైర్లు తొయ్యడం పగలే కదా అని ఎప్పుడో ఎవరో అలా వేశారు, అలాగే సాగిపోయింది. రాత్రిళ్ళు పదకొండుమంది మగవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళ మీద ఆధారపడ్డారు. ఆ పదకొండుమందిలో ఎంతమంది గోడ పట్టుకుని ఒంటరిగా వెళ్తున్నారో మాకు తెలియదు.

మూడు రాత్రులు మాస్టారు ఎన్నిసార్లు లేస్తున్నారో రాయమని ఆయమ్మకు చెప్పాను. గది తలుపు కింద లైటు వెలిగినప్పుడల్లా టైము రాసింది. మొదటి రాత్రి: 10.40, 12.15, 1.50, 3.40, 5.10. మిగతా రెండు రాత్రులూ కాస్త అటూఇటూగా అంతే. ఐదుసార్లు. ప్రోస్టేట్ ఉంటే లేస్తారు, నిజమే. కానీ ఐదుసార్లా?

మందుల డబ్బా

ఈ కేసులో నాకు అన్నిటికంటే పాఠం నేర్పింది ఈ భాగం, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మాస్టారి మందుల డబ్బా టేబుల్ మీద బోర్లించి, ఏ స్ట్రిప్ ఎవరు రాశారో పాత చీటీలతో జతచేశాను. ముగ్గురు డాక్టర్లు, రెండు ఊళ్ళు. వరస ఇలా ఉంది. ముందు బీపీకి అమ్లోడిపిన్ ఉండేది, ఏడాది క్రితం దాన్ని 10 మిల్లీగ్రాములు చేశారు. తర్వాత రెండు నెలలకు పాదాలు వాచాయి. అమ్లోడిపిన్‌తో చాలామందికి అలా వాస్తాయి. వాపు చూసి వేరే డాక్టరు ఫ్యూరోసెమైడ్, అంటే నీరు పోయే మాత్ర, రోజుకు రెండుసార్లు రాశారు. రాత్రిళ్ళు మూత్రం ఎక్కువైంది. దానికి మరో డాక్టరు టామ్సులోసిన్ రాశారు, అది ప్రోస్టేట్‌కు సాయం చేస్తూనే లేచినప్పుడు బీపీని కిందికి లాగగలదు. అన్నిసార్లు లేస్తే నిద్రేం పడుతుంది? నిద్ర మాత్ర అల్ప్రాజొలాం 0.5 వచ్చి చేరింది. ఒక మాత్ర తెచ్చిన ఇబ్బందికి ఇంకో మాత్ర, దాని ఇబ్బందికి మరొకటి. ఏ ఒక్క డాక్టరూ తప్పు రాయలేదు. డబ్బా మొత్తం మాత్రం ఎవరూ ఒకేసారి చూడలేదు.

మా తప్పు కూడా అందులో ఉంది. చీటీలో రోజుకు రెండుసార్లు అనే ఉంది. మా చార్టులో రెండుసార్లు అంటే అచ్చుగుద్దినట్టు ఉదయం 8, రాత్రి 8. యాంటీబయాటిక్‌కు అది సరిపోతుంది. నీరు పోయే మాత్రకు రాత్రి 8 అంటే ఆరుగంటలపాటు, రెండింటిదాకా మనిషిని లేపుతూనే ఉంటుంది. పగలంతా కాళ్ళలో దిగిన నీరు పడుకున్నాక వెనక్కి ఎక్కుతుంది, అదీ మూత్రంగానే పోవాలి. ఇవన్నీ నిద్ర మాత్ర మత్తులో.

బీపీ సంగతి చూద్దాం. పడినవాళ్ళకు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలని ప్రతి నర్సూ చదువుకుంది. మొదటిసారి పడినప్పుడే మా పగటి సిస్టర్ చూసింది కూడా. ఉదయం పదింటికి, టిఫిన్, కాఫీ అయ్యాక: పడుకుంటే 136/78, నిలబడితే 128/76. బాగుంది అని రాసింది. కానీ ఆయన పడింది పదింటికి కాదు కదా. రెండోసారి పడిన నాలుగో రోజు నేనే తెల్లవారుజామున 4.45కి వెళ్ళాను. ఆయమ్మను పక్కన ఉంచుకుని, ఐదు నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి చూస్తే 142/80. నిలబెట్టిన నిమిషానికి 112/68. మూడో నిమిషానికి 110/66. "కళ్ళముందు చీకట్లు వస్తున్నాయమ్మా" అన్నారు, మంచం అంచు గట్టిగా పట్టుకుని. మూడు నిమిషాల్లోపు పైది 20 గానీ కిందిది 10 గానీ తగ్గితే నిలబడినప్పటి బీపీ పతనం కిందే లెక్క. ఈయనకు పైది 32 పడింది.

డాక్టరుగారితో ఎలా మాట్లాడాలన్నది వేరే విద్య. ఫలానా మాత్ర ఆపండి అని నర్సు అంటే సంభాషణ అక్కడితో ఆగిపోవచ్చు. ఒకే కాగితం మీద మూడు వరసలు రాసి ముందుపెట్టాను: ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో, రాత్రి ఏ టైముల్లో లేచారో, 4.45 బీపీ అంకెలు. కింద, వాపు గుండె వల్ల కాదని చూపడానికి ఎకో రిపోర్టు. ఆయన రెండు నిమిషాలు చూసి "వాపు అమ్లోడిపిన్‌దేనా?" అని నన్నే అడిగారు. అదే రోజు, రాత్రి 8కి వేసే ఫ్యూరోసెమైడ్ మధ్యాహ్నం రెండింటికి జరిగింది. అమ్లోడిపిన్ సగానికి తగ్గి, రెండు వారాలకు ఆగి, దాని స్థానంలో వేరే బీపీ మాత్ర వచ్చింది. వాపు తగ్గాక ఫ్యూరోసెమైడ్ కూడా పూర్తిగా పోయింది. అల్ప్రాజొలాం ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, వణుకు, కంగారు వస్తాయి. అందుకని ఆరు వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించారు. టామ్సులోసిన్ అలాగే ఉంచారు.

గదిలో మార్పులు

రెయిలింగులు దించేశాం. మంచాన్ని ఎంత కిందికి దిగుతుందో అంత దించాం, కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా. బాత్రూం వైపు తిప్పాం, ఆయన దిగేది కుడివైపు కాబట్టి. కాళ్ళదగ్గర చిన్న నైట్ ల్యాంప్. బెల్లు తీగ పొడిగించి దిండుకు పిన్నుతో పెట్టాం.

లుంగీ దగ్గర వారం పట్టింది. పైజామా వేసుకోమంటే "ఈ వయసులో వేషాలా" అన్నారు. వాదించి లాభం లేదనుకున్నాను. చివరికి ఆయమ్మే దారి చూపింది, రాత్రి లుంగీలు నాలుగు అంగుళాలు పైకి మడిచి కుట్టేసింది. హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్న శాండిల్స్. యూరిన్ క్యాన్ మంచం మీద వాడమంటే మొహం తిప్పుకున్నారు, మంచం మీద ఆ పనేంటని. మంచం పక్కన నిలబడి, మగ కేర్ టేకర్ ఉంటే సరేనన్నారు. ఆరింటిలోపు, ఎవరి కంటా పడకుండా తీసేయాలని షరతు.

కేర్ టేకర్లలో ఒకరిని రాత్రికి మార్చడానికి మేనేజర్‌తో రెండు మీటింగులు అయ్యాయి. జీతం పెరగదు, పగటి స్నానాల టైములు మాత్రం సర్దుకోవాలి. ఒప్పుకున్నారు. శ్రీకాకుళం కుర్రాడు రాత్రి డ్యూటీకి వచ్చాడు. అతను పిలిచేదాకా ఆగడు. మా లెక్క ప్రకారం 11.45కి, 3.15కి, అంటే మాస్టారు తనంతట తాను లేచే టైముకు కాస్త ముందే, తలుపు తట్టి "మాస్టారూ, ఒకసారి వెళ్ళొద్దామా?" అంటాడు. ఇందులో కిటుకంతా ఆ అరగంట ముందే వెళ్ళడంలో ఉంది. లేవగానే నడిపించడు. మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించమని, కళ్ళు తిరగడం లేదని చెప్పాకే లేపుతాడు.

స్కోరు వేయడం మానేశామా అంటే, ఫైలు కోసం వేస్తూనే ఉన్నాం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లోనే ఆసుపత్రుల్లో ఇలాంటి స్కోర్లతో ఎవరు పడతారో ఊహించే పని వద్దని, 65 ఏళ్ళు నిండిన రోగులందరికీ ప్రమాదం ఉన్నట్టే భావించి కారణాలు వెతకమని చెప్పింది. నా మటుకు నాకు అదే సబబనిపిస్తోంది. 40 మార్కులు చూసి నేను నిశ్చింతగా ఉన్నాను, 65 చూసి రెయిలింగులు ఎత్తాను. రెండుసార్లూ అంకె చూశానే తప్ప ఆయన రాత్రి ఎలా గడుస్తుందో చూడలేదు.

భయం

గాయం మానింది గానీ మాస్టారు నడక మానేశారు. భోజనం గదికే తెమ్మన్నారు. ఇది పడడం కంటే తక్కువ ప్రమాదమేం కాదు. మంచం పట్టిన పెద్దవాళ్ళ తొడల్లో బలం రోజురోజుకూ తరిగిపోతుంది, మళ్ళీ లేచిన రోజు పడిపోతారు. ఫిజియో మొదలుపెట్టినప్పుడు కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 24 సెకన్లు పట్టింది. 12 దాటితేనే జాగ్రత్త పడాలంటారు.

వ్యాయామం అంటే రానన్నారు. వంటమ్మ కొడుకు పదో తరగతి, లెక్కల్లో వెనకబడ్డాడు. సాయంత్రం హాల్లో వాడికి లెక్కలు చెప్పమని అడిగాను. గదినుంచి హాలు 22 అడుగులు. వాకర్ ఎత్తు ఆయన మణికట్టు మడతకు సరిగ్గా సరిచేశాం, అప్పటిదాకా ఎవరిదో పొడుగు వాకరు ఇచ్చాం. రోజుకు రెండు పూటలా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవడం. ఎనిమిది వారాలకు 24 సెకన్లు 17 అయ్యాయి. ఇంకా 12 కాలేదు.

ఇప్పుడు

ఆరు నెలలైంది. రాత్రి లేవడం రెండుసార్లకు తగ్గింది. 4.45 బీపీ ఇప్పుడు పడుకుంటే 138/78, నిలబడితే 126/74. నాలుగో నెలలో ఒకసారి కింద పడిన పేపరు అందుకోబోయి కుర్చీలోంచి జారారు, గాయం లేదు. ఆ రిపోర్టు అర పేజీ వచ్చింది: కుర్చీ చేతులు వదులుగా ఉన్నాయి, పేపరు ఎందుకు కింద ఉంది, చేత్తో పట్టుకునే పొడుగు పటకారు ఎందుకు ఇవ్వలేదు.

మేనేజర్ రిసెప్షన్‌లో "ఈ నెల పడిపోయినవారు: 0" అని బోర్డు పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు. సున్నా బోర్డు పెట్టిన మరుసటి నెల నుంచి రిపోర్టులు రావడం ఆగిపోతాయి. మాకు నెలకు 36 మంచాలు, 30 రోజులు అంటే 1,080 మంచం-రోజులు. ముగ్గురు పడితే వెయ్యికి 2.8. ఆసుపత్రులు వేసే లెక్కే ఇది. ఆ అంకె స్టాఫ్ రూములో ఉంటుంది, పక్కనే ప్రతి ఒక్కరూ పడిన టైము. ఎక్కువమంది మూడుకూ ఐదుకూ మధ్య పడుతున్నారని ఆ కాగితం చూశాకే తెలిసింది. 

బాత్రూం గడప రెండు అంగుళాలు అలాగే ఉంది. భవనం ఓనరు పగలగొట్టనివ్వలేదు. దానిమీద పసుపు టేపు వేశాం, తుడిచే కర్ర తగిలి రెండు వారాలకోసారి ఊడుతోంది. నిన్న చూస్తే ఆరో గదిలో మళ్ళీ ఊడి ఉంది. స్టోర్‌లో టేపు అయిపోయింది, ఇండెంట్ పెట్టాను.